పన్నెండు డిగ్రీల అంచు, పండుగప్ప తలకాయ

మా అక్క లెక్కలో స్టీలు అంటే గ్లాసులు, గిన్నెలు, క్యారియర్లు. కత్తి అంటే ఇనుము. "స్టీలు కత్తితో వంకాయ కూడా తెగదురా, నలుగుతుంది" అని నాకు ఎన్నిసార్లు చెప్పిందో. అందులో అబద్ధం లేదు. బజార్లో దొరికే పల్చటి స్టీలు కత్తులు చాలావరకు అంతే. కాకపోతే గుడివాడలో ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని, చేత్తో స్టీలు కత్తులు చేసి బతుకుతున్న సొంత తమ్ముడి ముందు అనాల్సిన మాట కాదది.

ఒకప్పుడు రైస్ మిల్లులో మిషన్లు బాగుచేసేవాణ్ణి. ఇప్పుడు కత్తులే నా పని. ముదినేపల్లి వైపు చేపల చెరువుల వాళ్ళు, హోటళ్ళ వాళ్ళు, వంట సరదా ఉన్న ఉద్యోగస్తులు కొంటారు. నాకో జబ్బు ఉంది. ఎవరైనా ఊరికే "స్టీలు" అంటే ఊరుకోలేను, "ఏ స్టీలు?" అంటాను. అన్నం తినే పళ్ళెం స్టీలును ఎంత కాల్చి చల్లార్చినా గట్టిపడదు. దానికి తుప్పు పట్టదు, అంచూ నిలవదు, మంచి రకమైతే అయస్కాంతం కూడా అతుక్కోదు. కత్తికి కావలసింది కార్బను ఎక్కువున్న స్టీలు. అది కొలిమిలో కాలి చల్లబడితే గట్టిపడుతుంది, అయస్కాంతం పెడితే టక్కున పట్టుకుంటుంది. ఈ ఉపన్యాసం ఇక్కడిదాకా వచ్చేసరికి మా ఆవిడ కుక్కరు వంక పెట్టుకుని లేచి వెళ్ళిపోతుంది.

అక్క ఉండేది బందరులో. పొద్దున్నే గిలకలదిండి రేవు నుంచి వచ్చే చేపలు కొని, పొలుసు తీసి, ముక్కలు కోసి, అడిగిన ఇళ్ళకు పంపడం ఆవిడ వ్యాపారం. బావ వాటిని స్కూటరు మీద ఇచ్చి వస్తాడు. అక్క పంపిన ముక్కల్లో ఒక్క పొలుసు కనిపించిందని ఇంతవరకు ఎవరూ అనలేదు. ఆ పేరంటే ఆవిడకి మెడలో గొలుసుకన్నా ఎక్కువ.

పోయిన ఏడాది ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయింది. ఇక నేల మీద కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. నేల మీద కూర్చోకపోతే కత్తిపీట ఎలా? అక్క కత్తిపీట వాళ్ళ అత్తగారి నాటిది, ఇనుపది. బందరు ఉప్పుగాలికి రాత్రి తుడిచి పెడితే తెల్లారేసరికి తుప్పు పూసేది. చింతపండు, ఇటికపొడి వేసి తోమి మరీ వాడేది. కత్తిపీట మీద పని చేసే చేతుల తీరే వేరు. అక్కడ కత్తి కదలదు, చేప కదులుతుంది. రెండు చేతులతో పట్టి అంచు మీదికి తోస్తారు. ముల్లు అడ్డం వస్తే చేపను అటూ ఇటూ మెలితిప్పుతారు, ముల్లు పుటుక్కున విడిపోతుంది. అక్క చేతులకు ఆ మెలిక అలవాటై ఏళ్ళు గడిచాయి. ఇది నాకు తెలియని విషయం కాదు. తెలిసినవన్నీ వేళకు గుర్తొస్తే ఇక అనుకోవలసిందేముంది.

నిలబడి వంటగట్టు మీద కోసుకునేందుకు ఆవిడకి మంచి కత్తి చేసి ఇస్తానన్నాను. "స్టీలుదా?" అంది. ఆ ఒక్క ముక్క నాలో రోషం రేపింది.

షెడ్డులో అప్పుడు రెండు రకాల స్టీలు బద్దలున్నాయి. ఒకటి నాలుగొందల నలభై సి అంటారు. బాగా గట్టిది, పెట్టిన పదును రోజుల తరబడి పోదు. రెండోది గడ్డం గీసుకునే బ్లేళ్ళ కోసం పుట్టిన రకం. పదును కొంచెం ముందే మందగిస్తుంది కానీ రాయి మీద నాలుగుసార్లు లాగితే మళ్ళీ వచ్చేస్తుంది, దెబ్బకి ఓర్చుకుంటుంది. మా బందరు భాషలో చెప్పాలంటే మొదటిది పల్లీ అచ్చు, రెండోది తొక్కుడు లడ్డు. పల్లీ అచ్చులో గట్టి పలుకులుంటాయి, అందుకే పంటికి గట్టిగా తగులుతుంది. కానీ విరిచామంటే ఆ పలుకుల పక్క నుంచే విరుగుతుంది. తొక్కుడు లడ్డులో పలుకు అన్నది చేతికి తగలదు.

కత్తికి స్టీలు ఒక్కటే చాలదు. అంచు వెనక ఎంత మందం మిగిల్చామన్నది సగం సంగతి. రెండు పక్కలా చదునుగా, పల్చగా అరగదీస్తే టమాటా తనంతట తానే విడిపోయినట్టుంటుంది. అదే అంచు దగ్గర చిన్న పొట్టలా కొంచెం ఉబ్బు ఉంచితే, అంత సుతారంగా దిగదు కానీ ఎముకకి తట్టుకుంటుంది. వచ్చిన ప్రతివాడికీ నేను చెప్పేది ఇదే. ఏం కోస్తారో చెప్పండి, దాన్నిబట్టి అంచు పెడతాను అంటాను. అక్కని మాత్రం అడగలేదు. ఆవిడ నోరు మూయించడం ఒక్కటే నాకు ముఖ్యమైపోయింది. గట్టి స్టీలు తీసుకుని, ఒక్కో పక్క పన్నెండు డిగ్రీల ఏటవాలుకు, ఉల్లిపాయ కోస్తే పొరలోంచి వేళ్ళు కనిపించేంత పల్చగా తెగేలా అంచు తీశాను. కొబ్బరి చెక్కతో పిడి వేశాను. అంత అందమైన కత్తి ఆ ఏడు నా చేతుల్లో ఇంకోటి తయారవలేదు.

తీసుకెళ్ళి ఇవ్వబోతే అక్క చెయ్యి వెనక్కి లాక్కుంది. "కత్తి చేతికివ్వకురా, గొడవలొస్తాయి. గట్టు మీద పెట్టు" అంది. పెట్టాను. తీసుకుంది. టమాటా కోసింది, వెల్లుల్లి కోసింది, రొయ్య వీపు చీల్చి నరం తీసింది. బావ గుమ్మంలో నిలబడి నవ్వుతూ, "ఒప్పుకోవే, తెగుతోంది" అన్నాడు. "తెగుతోందిలే" అంది అక్క. ఆ రోజు గుడివాడ బస్సులో నాకు సీటు దొరక్కపోయినా బాధ అనిపించలేదు.

వారం తిరక్కుండానే, కత్తి ఎలా పని చేస్తోందో చూసి మరికాస్త పొగిడించుకుందామని మళ్ళీ బందరు వెళ్ళాను. నేను వెళ్ళేసరికి పొద్దుటి కోత అయిపోయింది. అక్క కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతోంది. కత్తి కడిగి గట్టు మీద ఆరబెట్టి ఉంది. అలవాటుకొద్దీ తీసి కిటికీ వెలుగులో అంచు చూశాను. మడమ వైపు, పిడికి కాస్త ముందుగా, అంచులో చిన్న నెలవంక లేదు. గోరు చివరంత ముక్క ఎగిరిపోయింది.

"అక్కా, ఇక్కడి ముక్క ఏది?"

"ఏ ముక్కరా?"

చూపించాను. ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. ఆ పొద్దున ఏం కోశావని అడిగితే, ఒక్కటే పెద్ద చేప, పండుగప్ప అంది. తలకాయ రెండు చెక్కలు చేస్తుంటే లోపలి ఎముక దగ్గర కత్తి ఆగిందట. "కొంచెం మెలితిప్పా. వచ్చేసింది" అంది. చేప బదులు కత్తిని మెలితిప్పింది. పల్లీ అచ్చు పుటుక్కుమంది.

ఆ చేప ఎక్కడుంది? దివిసీమలో. అవనిగడ్డ అవతల ఒక పల్లెటూరి వాళ్ళు, అక్క దగ్గర ఎప్పటినుంచో చేపలు కొంటున్నారు. కోడలికి ఆరో నెల. ఆ అమ్మాయికి పండుగప్ప తలకాయ పులుసు మీదికి మనసు పోయిందని, ఆ ఇంటి మనిషి పొద్దున్నే మోటారు సైకిలు మీద వచ్చి ముక్కలు తీసుకెళ్ళాడు. మధ్యాహ్నం భోజనానికి బంధువులు కూడా వస్తున్నారట.

ముగ్గురం వెతికాం. చేప కోసే చింతమొద్దు మీద గాట్లన్నిట్లో వెతికాం. గట్టు, నేల, తొట్టి, పొలుసు పారేసిన కవరు చూశాం. నా సంచిలో ఎప్పుడూ ఉండే స్పీకరు అయస్కాంతాన్ని అన్నిటి మీదా తిప్పాను. ఏమీ లేదు. ముక్కల్ని కల్లుప్పు, పసుపు వేసి రుద్ది కడిగిన నీళ్ళేం చేశావని అడిగాను. ఆపరేషన్ అయ్యాక అక్క ఆ బేసిను మొయ్యదు, బావే పారబోస్తాడు. "సైడు కాలవలో పోయించా" అంది. బావ తల ఊపాడు. కాలవ పారుతోంది. అందులో పడి ఉంటే మనకి కనబడదు, పడకపోతే ఇక చేపలో ఉన్నట్టే.

అక్క ఆ ఇంటికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. "కడుపుతో ఉన్న పిల్లరా. దాని గొంతులో దిగితే నేనింక కత్తి పట్టను. నా మొహం ఎవరికీ చూపించను" అంది. మా అక్క ఏడవడం నేను చాలా అరుదుగా చూశాను. అప్పుడూ ఏడవలేదు. "నువ్వు ఫోను చేస్తూనే ఉండు" అని బావ స్కూటరు తీశాడు. నేను వెనక ఎక్కాను.

చల్లపల్లి మీదుగా పోయాం. మోపిదేవి దాటాక బావ ఏదో చెప్పబోయి మానేశాడు. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటుతుంటే గాలికి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, గాలికేనని అనుకున్నాను. దారిలో ఎదురొచ్చిన ప్రతి గడ్డిబండి మీదా, గేదె మీదా నాకు ఒళ్ళు మండింది. పన్నెండు డిగ్రీలు! ఎవడడిగాడు నన్ను పన్నెండు డిగ్రీలు?

మేం వెళ్ళేసరికి వరండాలో అరిటాకులు వేసి వడ్డన మొదలైంది. గోడ వైపు కుర్చీ బల్ల వేసి ఆ అమ్మాయిని కూర్చోబెట్టారు. ఆకులో వేడి అన్నం, ఎర్రటి పులుసు, పక్కన తలకాయ చెక్క. చెయ్యి అన్నంలో ఉంది.

"అమ్మా, తినకండి!" అని కేకేశాను. నా గొంతు నాకే వికారంగా వినిపించింది. వరండా అంతా ఆగిపోయింది.

ఆ ఇంటి పెద్దావిడ గరిటెతో సహా బయటికొచ్చింది. బావను గుర్తుపట్టి, "ఏమైందండీ? చేప పాడైందా?" అంది.

"చేప బంగారమండీ. కత్తే పాడైంది" అని, కత్తి అంచు ముక్క ఒకటి కనబడటం లేదని, చేపలో ఉండొచ్చని చెప్పాను. ఎవరి కత్తి అని ఎవరూ అడగలేదు. అడక్కుండానే, "నేను చేసిన కత్తేనండీ" అన్నాను.

ఆ అమ్మాయి ఆకు వంక చూసుకుంది. "నేను ఒక్క ముద్ద తినేశానండీ" అంది, చాలా చిన్నగా.

పెద్దావిడ కోడలి పక్కకి వెళ్ళి, గొంతులో ఏమన్నా గుచ్చుకుందా, నొప్పేమన్నా ఉందా అని అడిగింది. ఏమీ లేదంది ఆ పిల్ల. పులుసన్నమే తిన్నానని, ముక్క ఇంకా తుంచలేదని చెప్పింది. పులుసులో లేదని ఎవరు చెప్పగలరు?

మట్టిదాకలో ఉన్న ముక్కల్ని ఒక్కొక్కటిగా స్టీలు పళ్ళెంలోకి తీయించాను. పళ్ళెం కింద అయస్కాంతం పెట్టి మెల్లగా జరుపుతూ చూశాను. పళ్ళెం అయస్కాంతానికి లొంగని రకం కాబట్టి, ముక్క ఉంటే దాని కదలిక తెలిసిపోతుంది. చేప ముక్కలు విరిచి చూశాను. తలకాయ రెండు చెక్కల్లో వేళ్ళు పెట్టి వెతికాను. పులుసును వెడల్పాటి గిన్నెలోకి వంపి అడుగున అయస్కాంతం తిప్పాను. మిరపగింజ కదిలినా గుండె ఆగింది. బంధువులు నా చుట్టూ మూగారు. వాళ్ళలో ఒక పెద్దాయన, "ఇన్నాళ్ళూ ముల్లు చూసి తినమన్నారు. ఇప్పుడు కత్తులు కూడా చూసుకోవాలా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు, ఆయన కూడా నవ్వలేదు.

ఏమీ దొరకలేదు. దొరకనందుకు సంతోషించాలో, ఆ ఒక్క ముద్దలోనే పోయిందని భయపడాలో తెలియలేదు. పెద్దావిడ కోడల్ని అవనిగడ్డ ఆస్పత్రికి తీసుకెళ్దామని కారు తియ్యమంది.

అప్పుడు బావ నన్ను భుజం పట్టి పక్కకి లాగాడు. మొహం కందగడ్డలా ఉంది. "ఏవోయ్, ఆ నీళ్ళు కాలవలో పొయ్యలేదు" అన్నాడు.

"మరి?"

"మల్లెపాదులో పోశా. రోజూ అక్కడే పోస్తా. చేప కడిగిన నీళ్ళకి మల్లె విరగబూస్తుంది. పిల్లులొచ్చి తవ్వేస్తున్నాయని మీ అక్క వద్దంది. తనకి తెలియకుండా పోస్తున్నా. మోపిదేవి దగ్గరే చెబుదామనుకున్నా, నోరు రాలేదు."

ఆయన్ని అక్కడే కావలించుకోవాలో, కొట్టాలో తెలియలేదు. అక్కకి ఫోను చేసి, మల్లెపాదు వెతకమని చెప్పాను. "మల్లెపాదా?" అంది అక్క. బావ తల దించుకున్నాడు. "తర్వాత తిట్టు. ముందు వెతుకు. కింద కూర్చోకు" అన్నాను. అయస్కాంతం నా దగ్గరే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. ఆ మాట చెప్పేలోపే ఫోను పెట్టేసింది.

అలా ఎంతసేపు గడిచిందో నేను చెప్పలేను. కారు వాకిట్లోకి వచ్చింది. ఆ అమ్మాయి చెప్పులు వేసుకుంటోంది. నా ఫోను టింగుమంది, ఒక ఫోటో వచ్చింది.

అక్క ఫ్రిజ్ తలుపు మీదున్న మామిడిపండు బొమ్మ అయస్కాంతాన్ని చీపురు కర్రకి దారంతో కట్టి, నిలబడే మల్లెపాదంతా గాలించిందట. మా సముద్రపు ఇసుక నేలలో నల్ల రేణువులు అయస్కాంతానికి నూగులా పట్టేస్తాయి. ఆ నూగంతా తుడుస్తూ, మళ్ళీ గాలిస్తూ వెతికితే, పసుపు నీటి మరక కింద అది దొరికింది. ఫోటోలో కత్తి గట్టు మీద ఉంది. అంచులో ఖాళీ ఉన్న చోట అక్క ఆ నెలవంక ముక్కని తెచ్చి ఆనించి పెట్టింది. ఫోటో పెద్దది చేసి చూశాను. ఒక కొస నుంచి రెండో కొస దాకా చూశాను. ముక్క వంపు, ఖాళీ వంపు అచ్చంగా కలిశాయి, మధ్యలో వెలుగు రావడం లేదు. రవ్వంత కూడా ఎక్కడా తక్కువ లేదు.

ప్రాణం లేచొచ్చింది. ఈ మాట ఎన్నోసార్లు వాడి ఉంటాను, దాని అర్థం ఆ వరండాలో తెలిసింది. అక్కడే మెట్టు మీద కూలబడి, "దొరికిందండీ, మొత్తం దొరికింది" అన్నాను. ఫోను చేతులు మారి ఆ ఇంట్లో అందరి దగ్గరికీ వెళ్ళింది. అందరూ కత్తికి వంకపెట్టేవాళ్ళలా ఆ ఫోటోని పెద్దది చేసి చూశారు. పెద్దావిడ చూసి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. కారు తియ్యక్కర్లేదంది.

ఆ అమ్మాయి చెప్పులు విడుస్తూ నన్నడిగింది. "ఇంక తలకాయ తినొచ్చాండీ?"

అప్పుడు నవ్వారు అందరూ. నేను కూడా నవ్వాను, కళ్ళు తుడుచుకుంటూ. నేను విరిచి చిందరవందర చేసిన ముక్కలనే పులుసు వేడి చేసి మళ్ళీ వడ్డించారు. మమ్మల్నీ కూర్చోబెట్టారు. తిననంటే పెద్దావిడ ఒప్పుకోలేదు. "మీరు తింటేనే మాకు నమ్మకమండీ" అంది. అంత రుచిగా పండుగప్ప పులుసు నేనెప్పుడూ తినలేదు. బావ మూడుసార్లు వేయించుకున్నాడు.

బందరు చేరేసరికి అక్క మల్లెపాదు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. చీపురు కర్ర ఒళ్ళో ఉంది. "ఆ పిల్ల తిందా?" అంది.

"తింది. తలకాయ రెండు చెక్కలూ తనే తింది."

అప్పుడు ఏడ్చింది, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని. ఏడవడం అయ్యాక బావ వైపు తిరిగింది. నీళ్ళు పొయ్యొద్దన్నాక కూడా పిల్లులు ఎందుకు తవ్వుతున్నాయో తనకి అర్థం కాక ఎదురింటి వాళ్ళతో ఎంత గొడవ పడిందో చెప్పి తిట్టింది. తిట్టి తిట్టి, చివరికి "ఇక మీదట కూడా అక్కడే పొయ్యండి" అంది.

ఆ కత్తిని నేను వెనక్కి తీసుకుపోతానంటే ఇవ్వలేదు. కూరగాయలకి ఉండనివ్వమంది. వంకాయ నలగడం లేదట.

గుడివాడ వచ్చి, తొక్కుడు లడ్డు స్టీలుతో ఇంకో కత్తి చేశాను. వెన్ను మందంగా ఉంచాను, అంచు దగ్గర పొట్ట మిగిల్చాను, డిగ్రీలు దాదాపు రెట్టింపు చేశాను. చూడ్డానికి మొదటి దాని ముందు ఇది మొరటు మనిషి. పట్టుకెళ్ళి గట్టు మీద పెట్టాను. అక్క పెద్ద పండుగప్ప తలకాయ తెప్పించి ఉంచింది. కోసింది. ఎముక దగ్గర ఆగింది. ఆవిడ నా వైపు ఓరగా చూసి, కావాలనే, కత్తిపీట మీద తిప్పినంత జోరుగా మెలితిప్పింది. తలకాయ రెండు చెక్కలైంది. కత్తి తీసుకుని అంచంతా వెతికాను. వెంట్రుకవాసి కూడా పోలేదు.

ఇప్పటికీ అక్క కోతలయ్యాక కత్తి కడిగి, కిటికీ దగ్గర వెలుగుకి పట్టి, దూది ఉండతో అంచు పొడుగునా తుడిచి చూసుకుంటుంది. దూది ఎక్కడా చిక్కుకోకపోతేనే ముక్కలు గుమ్మం దాటుతాయి. ఆ తర్వాత నాకు ఫోను చేస్తుంది. నేను షెడ్డులో గ్రైండరు ఆపి ఎత్తుతాను. బాగున్నావా అని కూడా అడగదు.

"ఉందిరా, మొత్తం ఉంది" అని పెట్టేస్తుంది.